చంద్రవ్వను బుదరకించిన వైనం

ఆ శనివారం పొద్దున కామారెడ్డిలో వందనకూ సంపత్‌కూ మధ్య జరిగిన గొడవకు కారణం ఒక తడి తువ్వాల. సంపత్ స్నానం చేసి వచ్చి, దాన్ని అలవాటు ప్రకారం మంచం మీద పడేశాడు. పదకొండేళ్ళ కాపురంలో ఇంట్లో చాలా వస్తువులకు స్థిరమైన చోటు దొరికింది కానీ, ఆ తువ్వాలకు మాత్రం దొరకలేదు.

"తువ్వాల తీసి తీగ మీద ఎయ్యి" అంది వందన, పక్క దులుపుతూ.

సంపత్ అద్దంలో తల దువ్వుకుంటూ చిరునవ్వు నవ్వాడు. "గట్ల కాదు వందనా చెప్పుడు. ఎదుటి మనిషి మనసు నొవ్వకుండ చెప్పాలె. 'ఆరుబయట మంచి ఎండ ఉన్నది, తువ్వాల జల్ది ఆరుతది' అనాలె. అప్పుడు నా అంతట నేనే తీసి ఏస్త."

"నీ అంతట నువ్వు ఏసేదాక పరుపు తడుస్తది."

"అగో, మల్ల గదే మాట. మనిషిని ఒప్పించుడు ఒక కళ."

"తువ్వాల తీసెటందుకు కళ ఎందుకు? చెయ్యి చాలు" అని వందన తానే తీసి తీగ మీద వేసింది. సంపత్ దీన్ని తన గెలుపు కింద రాసుకున్నాడు.

సంపత్ ఒక విత్తనాల కంపెనీలో పని చేస్తాడు. లింగంపేట, ఎల్లారెడ్డి వైపు ఊళ్ళలో మోటారుసైకిల్ మీద తిరిగి, తమ కంపెనీ మక్కజొన్న విత్తనాలే వేయమని రైతులను ఒప్పించడం అతని ఉద్యోగం. కిందటి వేసవిలో కంపెనీ వాళ్ళు హైదరాబాదులో ఒక హోటల్లో రెండు రోజులు కూర్చోబెట్టి, మనుషులను మెత్తగా ఒప్పించడం ఎలాగో నేర్పించారు. మూడు సూత్రాలు చెప్పారు. ముందు మెచ్చుకోవాలి. భయపెట్టే మాట నోట రాకూడదు. చివరికి ఎదుటి మనిషి తనంతట తానే ఒప్పుకున్నట్టు అనిపించాలి. వస్తూ వస్తూ ఒక సర్టిఫికెట్ కూడా చేతిలో పెట్టారు. అది ఇప్పుడు ఫ్రిజ్ పైన గోడకు ఉంది. ఆ ఏడు వానలు పడగానే లింగంపేట రైతులు మక్క విత్తనాలు కొన్నారు. వాళ్ళు ఏటా కొంటారు. ఈసారి తన మాటల వల్ల కొన్నారని సంపత్ నమ్మకం.

ఈ పనికి ఆ ప్రాంతంలో ఎప్పటి నుంచో ఒక మాట ఉంది. బుదరకించడం. పుస్తకాల్లో బుజ్జగించడం అంటారు. అన్నం తినని పిల్లకు కాకిని చూపించి ముద్ద పెట్టడం బుదరకించడమే. అలిగి అరుగు మీద కూర్చున్న అల్లుణ్ణి పంక్తిలోకి తీసుకురావడం కూడా బుదరకించడమే. తన్నే బర్రె గంగడోలు నిమిరి పాలు పిండుకోవడానికీ అదే మాట. పిల్ల దగ్గరా బర్రె దగ్గరా ఆ పని ఆడవాళ్ళే చేస్తారనీ, చేసినట్టు ఎవరికీ కనిపించదనీ వందన చాలా కాలంగా గమనిస్తూనే ఉంది. సంపత్ రెండు రోజులు హోటల్లో భోజనం చేసి వచ్చాక అది కళ అయి కూర్చుంది.

ఆ కళకు ఇప్పుడొక అవసరం వచ్చిపడింది. సంపత్ తల్లి చంద్రవ్వ ఎల్లారెడ్డిలో ఒక్కతే ఉంటుంది. ముప్పై అయిదేళ్ళు బీడీలు చుట్టిన మనిషి. ఏడాదిగా ఆమె కుడి కంట్లో పొర కమ్ముకుంటూ వస్తోంది. తునికాకు ఈనె కనిపించక, చుట్టిన బీడీలు వదులైపోయి, కట్టలు వెనక్కి రావడం మొదలైంది. కామారెడ్డి కంటి డాక్టరు చూసి, పొర బాగా ముదిరింది, ఇంకా ఆలస్యమైతే చూపు వస్తుందని చెప్పలేనన్నాడు. సోమవారం పొద్దున ఆపరేషన్. ఆదివారం సాయంత్రం ఆరింటిలోగా ఆసుపత్రిలో చేరాలి. ఆ గడువు దాటితే మళ్ళీ పేరు రాయించుకుని రెండు నెలలు ఆగాలి. అప్పటిదాకా ఆ కన్ను ఆగుతుందో లేదో డాక్టరుకే తెలియదు.

ఆ సంగతి వందన శుక్రవారం నాడే అత్తగారికి ఫోన్‌లో చెప్పేసింది.

"నాకెందుకు బిడ్డా ఆపరేషను. ఇంక ఎన్నాళ్ళు బతుకుత. మీకు తిప్పలు" అంది చంద్రవ్వ.

"ఆదివారం బస్సుకు రా అత్తమ్మా. రెండు పాత చీరెలు తెచ్చుకో" అంది వందన.

"దుప్పటి గూడ తేవాల్నా?"

"ఒద్దు, మన దగ్గర ఉన్నది."

అక్కడితో ఆ పని అయిపోయింది. మొదటిసారి వద్దనడం మర్యాద. రెండో ముద్ద వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టడం లాంటిది అది. ఆ చేతిని చూసి వడ్డించడం ఆపేసిన వాళ్ళు ఆ జిల్లాలో ఎవరూ లేరు. కానీ ఫోన్ స్పీకర్‌లో ఉండటం వల్ల సంపత్‌కు 'నాకెందుకు' అన్న మాట వినిపించింది. ఆ తరువాత దుప్పటి సంగతి వచ్చేసరికి అతను పళ్ళు తోముకోవడానికి వెళ్ళిపోయాడు.

"అవ్వ ఒద్దంటున్నది. నేను పోయి బుదరకిచ్చి తీస్కొస్త" అన్నాడు శనివారం పొద్దున, బండి తాళాలు వేలికి తిప్పుతూ. ఆసుపత్రి వాళ్ళు ముందుగా ఇచ్చిన ఒప్పుకోలు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆమె ఒద్దనలే. రేపు బస్సుకు వస్తది. నువ్వు పోకు."

"నీకు అర్థం కాదు. వయసు మీదపడ్డోళ్ళు లోపల ఎంత భయపడ్తరో."

"పోతే పో. ఊకె కూసొని ఛాయ్ తాగు, రేపు తోల్కరా. ఏం మాట్లాడకు."

మాట్లాడకుండా ఒప్పించే సూత్రం శిక్షణలో లేదు. సంపత్ నవ్వుకుంటూ బండి స్టార్ట్ చేశాడు. వందన కూతురికి అన్నం పెట్టి, ఆసుపత్రిలో చీటీ తీసుకోవడానికి వెళ్ళింది. రెండు గంటలు వరసలో నిలబడితే పధ్నాలుగో నంబరు వచ్చింది.

ఎల్లారెడ్డిలో ఏం జరిగిందో వందనకు తరువాత మూడు నోళ్ళ ద్వారా తెలిసింది. సంపత్ చెప్పింది ఒకటి, చంద్రవ్వ చెప్పింది ఒకటి, గోడ అవతల ఉండే జులేఖా చెప్పింది ఒకటి. మూడింటిలోనూ కలిసిన భాగం ఇది.

సంపత్ అరకిలో జిలేబి తీసుకుని ఇంట్లో అడుగు పెట్టాడు. చంద్రవ్వ అప్పటికే రెండు పాత చీరెలు సంచిలో సర్ది, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సంపత్ నేల మీద కూర్చుని ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసకడం మొదలుపెట్టాడు. పుట్టిన దగ్గర నుంచి అతను ఆ పని చేసి ఎరగడు.

"అవ్వా, నీ అసొంటి తల్లి ఎవ్వలికి దొరుకుతది" అన్నాడు, మెచ్చుకోవడం అనే మొదటి సూత్రం ప్రకారం.

చంద్రవ్వ కాళ్ళు కొంచెం వెనక్కి లాక్కుంది. "ఏమైంది కొడుకా, నౌకరి పోయిందా?"

"నౌకరి మంచిగనే ఉన్నది. జర కామారెడ్డి దాక వద్దువు. చిన్న పని. ఒక్క పూటల అయిపోతది. నీకు తెల్వనే తెల్వది."

"నాకు తెల్వకుండ ఏం చేస్తరు?"

"ఏం చెయ్యమవ్వా. నువ్వు ఫికర్ చెయ్యకు. ఊకె ఎవ్వలికి చెప్పకు, తలా ఒక మాట అంటరు. గీ కాయితం మీద జర ఒక్క సంతకం పెడ్తే..."

కన్ను, కోత, ఆసుపత్రి, ఆపరేషన్ అన్న మాటల్లో ఒక్కటి కూడా అతని నోట రాలేదు. అవన్నీ భయపెట్టే మాటలు. రెండో సూత్రాన్ని అంత నిష్ఠగా పాటించిన ఉద్యోగి ఆ కంపెనీలో మరొకడు ఉండడు.

అయితే హైదరాబాదు హోటల్లో చెప్పని సంగతి ఒకటి ఆ గల్లీలో అందరికీ తెలుసు. మూడిళ్ళ అవతల సాలవ్వ ఉంది. రెండేళ్ళ కిందట ఆమె కొడుకులు కూడా ఇలాగే మిఠాయి తెచ్చారు, ఇలాగే కాళ్ళు పిసికారు, చిన్న పని ఉందని తీసుకెళ్ళి ఇంటి కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. అప్పటి నుంచి ఆమె తన ఇంటి వసారాలో ఉంటోంది. కొడుకు తల్లి కాళ్ళు పట్టుకున్నాడంటే ఆ గల్లీలో ఒకటే అర్థం. చంద్రవ్వకు లింగంపేట తొవ్వలో ముప్పై గుంటల పొలం ఉంది. కంటి సంగతి నిన్ననే కోడలితో తేలిపోయింది. మరి ఈ కాగితమేమిటి? కన్ను పేరు చెప్పి కామారెడ్డికి పిలిపించుకుని, నేరుగా రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకుపోతారన్న మాట. పైగా తనకు అక్షరం ఆనదని వాళ్ళకు తెలుసు.

"నేను ఏడికి రాను" అంది చంద్రవ్వ. సంచిలోని చీరెలు తీసి దండెం మీద వేసింది. పొలం పాస్‌బుక్కు ఉన్న పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నడుముకు చెక్కుకుంది. కోడలు కూడా ఇందులో ఉందేమోనన్న అనుమానంతో ఫోన్ కూడా అదే పెట్టెలో పడేసింది.

సంపత్ బయటికి వచ్చి వందనకు ఫోన్ చేశాడు.

"అవ్వ మస్తు భయపడ్తున్నది. మొండికేసింది."

"నువ్వేమన్నవు?"

"ఏమనలే. మంచిగ బుదరకిచ్చిన."

"కంటికి ఆపరేషనని చెప్పినవా?"

"అది చెప్తే భయపడ్తది గద."

"చెప్పకపోతే దేనికి భయపడ్తున్నది?"

"నువ్వు ఫికర్ చెయ్యకు. మైసన్న మామకు ఫోన్ చేసిన. రమ్యను గూడ రమ్మన్న. పదిమంది చెప్తే ఇంటది" అని సంపత్ ఫోన్ పెట్టేశాడు. వందన అత్తగారికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. అది పెట్టెలో మోగి మోగి, చార్జింగ్ అయిపోయి ఊరుకుంది.

మైసన్న చంద్రవ్వ తమ్ముడు, లింగంపేటలో ఉంటాడు. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో ఎవరు అలిగినా అతన్ని పిలుస్తారు. అతను వెళ్ళాక అలక ఎంత సేపట్లో తీరిందో ఎవరూ లెక్కపెట్టలేదు. కోడి ఎంత సేపట్లో ఉడికిందో మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఆదివారం పొద్దున్నే అతను ఒక నాటుకోడిని కాళ్ళు కట్టి, బండికి తలకిందులుగా వేలాడదీసుకుని దిగాడు. అతని పద్ధతి ఏడవడం.

"అక్కా, మన అవ్వ పాయె, బాపు పాయె. నువ్వొక్కదానివే ఉన్నవు నాకు. నువ్వు గూడ గిట్ల చేస్తే నేనెట్ల బతకాలె" అని గడపలోనే అందుకున్నాడు. గొంతు మంచి గట్టిది. గల్లీ చివరి దాకా వినిపించింది.

తనకు ఏమవుతోందో తెలియక చంద్రవ్వ బిత్తరపోయింది. ఇంతలో బీర్కూర్ నుంచి కూతురు రమ్య, అల్లుడు దివాకర్ వచ్చారు. దివాకర్ బడిపంతులు. దేన్నయినా బొమ్మ గీసి, వీడియో వేసి చెబితేనే మనుషులకు అర్థమవుతుందని అతని సిద్ధాంతం. కంటి ఆపరేషన్ ఎంత తేలికో చూపించే వీడియో ఒకటి ఫోన్‌లో వెతికి పెట్టుకుని మరీ వచ్చాడు. పరిచయాలకూ ఉపోద్ఘాతాలకూ కాలం వృథా చేయకుండా దాన్ని చంద్రవ్వ ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. చూపు ఆనని మనిషికి చూపు గురించిన వీడియో చూపించవచ్చునని చదువుకున్న వాడికే తడుతుంది. ఆమెకు ఏదో ఎర్రగా కదలడం కనిపించింది. ఫోన్‌లోంచి ఎవరో హిందీలో ఏదో చెప్పారు.

"ఏందల్లుడా అది, ఎవల్నో కోస్తున్నట్టున్నరు?"

"కోసినా నొప్పి ఉండదు అత్తమ్మా" అన్నాడు దివాకర్ ఉత్సాహంగా.

చంద్రవ్వ లేచి లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కొడుకు కాళ్ళు పట్టుకున్నాడు, తమ్ముడు ఏడ్చాడు, అల్లుడు కోయడం చూపించాడు. చిన్న పనికి ఇంతమంది ఇంత మెత్తగా మాట్లాడరు. ఎంత పెద్ద పనైతే అంత మెత్తగా మాట్లాడతారని అరవై మూడేళ్ళ జీవితం ఆమెకు నేర్పింది.

పది గంటలకు జులేఖా వందనకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు జల్ది రా. మీ అత్తమ్మ తలుపు ఏసుకున్నది. వీళ్ళు ఎంత బుదరకిస్తే ఆమె అంత బిగుసుకపోతున్నది. నేను చెప్దామంటే మైసన్న నన్ను కోడిని కొయ్యమన్నడు."

వందన కూతుర్ని పక్కింట్లో అప్పజెప్పి, ఆసుపత్రి చీటీ పర్సులో పెట్టుకుని బస్సెక్కింది. తాడ్వాయి దాటుతుండగా ఒకసారి, లింగంపేటలో ఒకసారి చేతి గడియారం చూసుకుంది. ఎల్లారెడ్డిలో దిగి గల్లీ మలుపు తిరిగేసరికి అరుగుల మీద జనం కనిపించారు. నాలుగు మోటారుసైకిళ్ళు అడ్డంగా పెట్టి ఉన్నాయి. ఒక ముసలాయన భుజం మీద తువ్వాల సర్దుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"పాపం, ఎప్పుడు పాయె బిడ్డా?"

"ఎవలు?"

"మీ అత్త."

"యాడికి పోలేదు బాపూ. మూడు గంటల బస్సుకు పోతది" అని వందన లోపలికి నడిచింది. ఆ జవాబుకు ఆయన ఏమనుకున్నాడో ఆమె ఆగి చూడలేదు.

లోపల బుదరకింపు అంతకుముందే ముగిసి గొడవ మొదలైంది. గడపలో చేరిన వాళ్ళలో ఎవరో, ముసలమ్మ పొలం సంతకానికి ఒప్పుకోవడం లేదట అన్నారు. ఆ ముక్క రమ్య చెవిన పడింది.

"అన్నా, నీ జేబుల ఉన్న కాయితం ఇటియ్యి" అంటోంది రమ్య.

సంపత్ జేబును అరచేత్తో నొక్కిపట్టుకున్నాడు. "మెల్లగ మాట్లాడు. లోపట అవ్వ ఇంటది."

"ఇంటే ఏమైతది? ఏం కాయితం అది?"

"నీకు తరువాత చెప్త. ఇప్పుడు ఆ మాట అనొద్దు."

"ఏ మాట? పొలం మాటనా? నన్ను పిలిచింది అవ్వను బుదరకిచ్చి సంతకం పెట్టించెటందుకా? నా నోటితోటి నా పాలు నేనే పోగొట్టుకోవాల్నా?"

"బావా, ఆడపిల్లకు గూడ హక్కు ఉంటది. నేను ఏడో తరగతి పిల్లలకు చెప్తనే ఉంట" అన్నాడు దివాకర్, పాఠం చెప్పే గొంతుతో.

మైసన్న ఏడుపు ఎప్పుడు ఆపాడో ఎవరూ గమనించలేదు. "హక్కుల ముచ్చట తరువాత. ఆ ముప్పై గుంటలు మా బాపు అక్కకు పసుపు కుంకుమ కింద ఇచ్చిండు. నన్ను అడగకుండ కాయితాలెట్ల రాస్తరు?"

"మామా, నువ్వు గూడ గట్ల మాట్లాడితే ఎట్ల" అని సంపత్ అందరి వైపూ చేతులు జోడించి, "మెల్లగ, జర మెల్లగ" అంటూ తిరుగుతున్నాడు. కాగితంలో ఏముందో ఒక్క ముక్క చెబితే పోయేది. కానీ ఆ ముక్క తలుపు సందులోంచి తల్లికి వినిపిస్తుందని, వినిపిస్తే ఆమె భయపడుతుందని, అతను రెండో సూత్రాన్ని ప్రాణంలా పట్టుకుని నిలబడ్డాడు.

తలుపు అవతల నుంచి చంద్రవ్వ గొంతు వినిపించింది. "నాకెరుకనే. అందరు పొలం కోసమే వచ్చిండ్రు. నేను సచ్చినా సంతకం పెట్ట."

గోడ మీది గడియారం ఒంటి గంట చూపిస్తోంది. ఆరు గంటల గడువులో అయిదు గంటలు మిగిలాయి. వందన నేరుగా భర్త దగ్గరికి వెళ్ళి అతని జేబులోంచి కాగితం తీసుకుంది. అతను "వందనా, మెల్లగ" అన్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి, గల్లీలో వాళ్ళకు కూడా వినిపించేంత గట్టిగా చెప్పింది.

"అత్తమ్మా, నేను వందనను. గీ కాయితం నీ కుడి కన్ను ఆపరేషన్‌ది. రేపు పొద్దున చేస్తరు. దవాఖానోళ్ళు నీ సంతకం అడుగుతున్నరు. చదువుతున్న, ఇను."

చదివింది. పేరు, వయసు, కుడి కన్ను, డాక్టరు, తేదీ. రమ్య అన్న వైపు చూస్తున్న చూపు కొంచెం మారింది.

"పొలం అని ఏడన్న రాసి ఉన్నదా?" అంది తలుపు.

"లేదు."

"గుంట అని?"

"లేదు."

"మరి సంపతు నా కాళ్ళెందుకు పిసికిండు?"

"ఆయనకు కంపెనీల నేర్పించిండ్రు అత్తమ్మా."

"మైసన్న ఎందుకు ఏడిసిండు?"

"నిన్ను ఒప్పించెటందుకు."

"నేను రానన్ననా? మొన్న నీతోటి దుప్పటి ముచ్చట గూడ మాట్లాడితి గద."

"మాట్లాడినవు."

"కండ్లల్ల కోస్తరట?"

"కోస్తరు. ముందుగాల సూదిమందు ఇస్తరు. అది జర సురుక్కుమంటది. తరువాత నొప్పి ఉండదు. పావుగంటల అయిపోతది. పొద్దుమీకి ఆరు లోపట దవాఖానల ఉండాలె. మూడింటి బస్సు తప్పితే మల్ల రెండు నెలలు. అప్పటిదాక కన్ను ఆగుతదో లేదో."

గడియ తీసిన చప్పుడైంది. చంద్రవ్వ బయటికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా దండెం మీది చీరెలు రెండూ తీసి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. "గీ మాట నిన్ననే చెప్తే ఏమైతుండె" అంది కొడుకుతో. కాగితం నేల మీద పరిపించుకుని, వందన వేలు పెట్టి చూపించిన చోట తన పేరు వంకరటింకరగా రాసింది. ఆపరేషన్ అన్న మాట విన్నందుకు ఆమెకు గుండె ఆగలేదు. సంపత్ దీన్ని ఆశ్చర్యంగా చూశాడు.

"చూసినవా," అన్నాడు దివాకర్‌తో, "రెండు రోజుల నుంచి మనం చెప్తుంటే చెప్తుంటే లోపట నాటుకున్నది. వందన వచ్చేసరికి ఒప్పుకున్నది."

దివాకర్ తల ఊపాడు. వీడియో కూడా కొంత పని చేసిందని అతని అభిప్రాయం.

కోడి ఉడికింది. జులేఖా వండి పెట్టి, తన ఇంట్లో పని ఉందని వెళ్ళిపోయింది. అందరూ నడిమింట్లో వరసగా కూర్చున్నారు. వందన వడ్డించి, తానూ అత్తగారి పక్కన కూర్చుంది. పొలం మాట ఎత్తినందుకు ఎవరికీ సిగ్గుగా ఉన్నట్టు లేదు. మైసన్న కాలు ముక్క వెతుక్కుంటున్నాడు.

"ఆపరేషన్ అయినంక ఎట్ల?" అంది రమ్య.

వందన పర్సులోంచి చీటీ తీసి వెనక రాసిన జాగ్రత్తలు చదివింది. నలభై రోజులు పొయ్యి దగ్గరికి పోకూడదు. తల మీద నీళ్ళు పోసుకోకూడదు. బరువు ఎత్తకూడదు. రోజుకు ఆరుసార్లు చుక్కల మందు వేయాలి.

అందరి చూపూ ఒకేసారి వందన మీదికి తిరిగింది. ఆ చూపులో ఎంత మెత్తదనం ఉందంటే, ఆమె చేతిలోని ముద్ద చేతిలోనే ఆగింది.

"వదినకు మస్తు ఓపిక ఉన్నది" అంది రమ్య.

"కోడలంటే గట్ల ఉండాలె. మా అవ్వ బతికుంటే చూసి మురుస్తుండె" అన్నాడు మైసన్న.

"చుక్కల మందు ఎట్ల ఎయ్యాల్నో నేను వీడియో పంపుత చెల్లె" అన్నాడు దివాకర్.

సంపత్ గొంతు సవరించుకున్నాడు. "వందనా, మనుషులను చూసుకునుడు నీకు వచ్చినట్టు ఎవ్వలికి రాదు. అవ్వ కామారెడ్డిల మన ఇంట్ల ఉంటే నీకు గూడ..."

"నేను మీ ఇంట్ల ఉండ" అంది చంద్రవ్వ.

ఆమె అన్నం కలుపుకోవడం ఆపలేదు. గొంతు పెంచలేదు. ఎవరినీ మెచ్చుకోలేదు. "దవాఖానల రెండు దినాలు కోడలు ఉంటది. తరువాత నేను నా ఇంటికే వస్త. నలభై రోజులు సంపతు నా తాన ఉంటడు. బువ్వ వాడే వండుతడు, మందు వాడే ఏస్తడు."

"అవ్వా, నా నౌకరి..."

"నీ నౌకరి గీ ఊర్లల్లనే గద, మక్క చేన్ల పొంటి. పొద్దుగాల వండి పెట్టి పో, నడుమ వచ్చి మందు ఏసి పో."

"నాకు వంట రాదవ్వా."

"జులేఖా గోడ అవతల నుంచి చెప్తది. ఇంటే వస్తది." ఆమె కూర గిన్నెను చేత్తో తడిమి వందన వైపు జరిపింది. "ఏసుకో బిడ్డా, బస్సుకు ఆలస్యమైతది."

సంపత్ ముందు మామ వైపు చూశాడు, తరువాత బావ వైపు చూశాడు, చివరికి చెల్లెలి వైపు చూశాడు. మనుషులను ఒప్పించడంలో ఆరితేరిన వాళ్ళు ఆ పంక్తిలో అంతమంది ఉన్నా అతన్ని బుదరకించే తీరిక మాత్రం ఒక్కరికీ లేకపోయింది. కూర వేడిగా ఉంది.